బొమ్మ బాగానే వస్తోంది, షూ రావడం లేదు. డిజైన్‌ని నమూనాగా మార్చడం ఎలా నేర్చుకోవాలి?

గీతల_లోకం | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నా పని బొమ్మలు గీయడం. ఏడాదిగా షూ డిజైన్లు గీస్తున్నాను. ట్యాబ్ మీద పక్కనుంచి, పైనుంచి, వెనకనుంచి ఎలా కనిపిస్తుందో అన్నీ వేస్తాను. గీసింది గీసినట్టు చేతిలోకి రావాలన్న కోరిక మాత్రం ఇంకా తీరలేదు. మూడు నెలల్లో మూడు ప్రయత్నాలు చేశాను, మూడూ పాడయ్యాయి.

మొదటిసారి బొమ్మని అసలు సైజులో ప్రింట్ తీసి, గీతల వెంట కత్తిరించి, ఆ కాగితాన్ని బట్ట మీద పెట్టి కోశాను. కుట్టాక ముందుభాగం సంచిలా వేలాడింది. రెండోసారి చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ పెట్టాను. పాదం మీద బిగుసుకుపోయింది, మడమ దగ్గర వేలు దూరేంత వదులు. మూడోసారి 42 సైజు ప్లాస్టిక్ లాస్ట్ (షూ తయారుచేయడానికి వాడే పాదం ఆకారపు దిమ్మ) కొని, దాని మీద తోలు లాగి మేకులు కొట్టాను. ఈసారి ఆకారం వచ్చింది. కానీ వేళ్ల మీదుగా నేను గీసిన వంపు గీత ఉండాల్సిన చోట లేదు. బొమ్మలో మొన నుంచి ఆ గీతకి ఉన్న దూరానికీ, లాస్ట్ మీద వచ్చిన దూరానికీ 14 మి.మీ. తేడా.

గీసినదాన్ని కోయగలిగే ముక్కలుగా మార్చే పద్ధతి ఏమిటి? ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగేదేనా, సాఫ్ట్‌వేర్ లేకపోతే కుదరదా?

ఆరె_దారం | సోమవారం, మధ్యాహ్నం 1:15

పాతికేళ్లుగా ప్యాటర్న్లు, అంటే తోలు కోయడానికి కొలతగా పెట్టుకునే అట్టముక్కలు, కోస్తున్నాను. మీ పని మూడో ప్రయత్నంతోనే మొదలైందనుకోండి. మొదటి రెండింటిలో లాస్ట్ లేదు కాబట్టి వాటి గురించి బాధపడకండి. షూ పాదానికి సరిపోవాలి, నిజమే. కానీ షూ తయారయ్యేది లాస్ట్ మీద. పొడవు, మొన ఆకారం, మడమ ఎత్తు, పాదం మీద బిగుతు, ఇవన్నీ లాస్ట్ చేసినవాడి చేతిలోనే తేలిపోతాయి. దాని మీద గీతలు ఎక్కడెక్కడ నడవాలన్నదే మనకి మిగిలేది.

పక్కనుంచి వేసిన బొమ్మ గోడ మీద పడ్డ నీడ లాంటిది. మొన దగ్గర లాస్ట్ గుండ్రంగా పైకి లేచి, పక్కకి తిరిగిపోతుంది. నీడలో తిన్నగా 30 మి.మీ. కనిపించే దూరాన్ని మెత్తటి టేపుతో వంపు వెంట కొలిస్తే 40 దాటడం మామూలే. మీ 14 మి.మీ. అక్కడే పోయింది.

అందుకని బొమ్మ కొలతలని లాస్ట్ మీదకి మోయకండి. లాస్ట్ మీదే మళ్లీ గీయండి.

గోడలకి రంగు వేసేవాళ్లు వాడే కాగితపు మాస్కింగ్ టేప్ తెచ్చుకోండి, 25 మి.మీ. వెడల్పుది చాలు. ముందు లాస్ట్ బయటిపక్క మొదలుపెట్టండి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ సగం ఎక్కేలా అంటించుకుంటూ పోండి. ఒక పొర అయ్యాక రెండో పొర దానికి అడ్డంగా. ముడతలు పడితే బొటనవేలితో రుద్ది అణచండి. తర్వాత ముందు మధ్యరేఖ, వెనక మధ్యరేఖ గీయండి. ఈ రెండూ వంకరపోతే ఆ తర్వాత ఏ ముక్కా ఏ ముక్కతోనూ కలవదు, కాబట్టి ఇక్కడ ఎంతసేపు పట్టినా తొందరపడకండి. పైభాగం అడుగుతో కలిసే చోట లాస్ట్‌కి పదునైన అంచు ఉంటుంది. పెన్సిల్ ములుకుతో కాకుండా పక్కతో దాని మీద రుద్దితే ఆ అంచు టేప్ మీద నల్లగా పడుతుంది.

ఇప్పుడు డిజైన్. మీ బొమ్మ ఎదురుగా పెట్టుకోండి, స్కేలు మాత్రం లోపల పెట్టేయండి. లాస్ట్‌ని చేతిలో తిప్పుకుంటూ గీయండి. ఒక కన్ను మూసి, చేయి చాపి పక్కనుంచి చూడండి. మీ బొమ్మలో ఉన్నట్టు కనిపించేదాకా చెరిపి గీయండి. తర్వాత ముందునుంచి, పైనుంచి చూడండి. పక్కనుంచి అందంగా ఉన్న గీత పైనుంచి చూస్తే కొక్కెంలా తిరిగి ఉంటుంది, అప్పుడు రెంటికీ మధ్య రాజీ చేసుకోవాలి. డిజైన్ నిజంగా పుట్టేది అక్కడేనని నా నమ్మకం.

గీతలు కుదిరాక మధ్యరేఖల వెంట, అడుగు అంచు వెంట బ్లేడుతో కోసి టేప్‌ని మెల్లగా ఒలిచి అట్ట మీద పరవండి. అది చదునుగా పడుకోదు, కంగారు పడకండి. గుండ్రటి వస్తువు తొక్క చదునుగా ఎలా పడుకుంటుంది? ముందు మధ్యభాగాన్ని అతికించండి. మొన దగ్గర, మడమ దగ్గర అడుగు అంచు వైపు నుంచి చిన్న చిన్న కోతలు పెట్టి, టేప్ విడిపోతానన్న చోట విడిపోనివ్వండి, ఎక్కుతానన్న చోట ఎక్కనివ్వండి. తోలు అడుగుకి మడిచేటప్పుడు ఆ తేడా సర్దుకుపోతుంది. పైకి కనిపించే గీతల మీద మాత్రం కోత పడనివ్వకండి.

లోపలిపక్కకీ ఇదంతా మళ్లీ చేయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

రెండో_జత | సోమవారం, మధ్యాహ్నం 2:05

నేనూ నేర్చుకుంటున్నవాణ్ణే. ఆ చివరి మాట నాకు ఒక తోలు ముక్క ఖరీదు నేర్పింది. బయటిపక్క ముక్కనే తిరగేసి లోపలిపక్కకి వాడాను. లాస్టింగ్ చేస్తుంటే, అంటే తోలుని లాస్ట్ మీద లాగి అడుగుకి మడుస్తుంటే, పాదం వంపు దగ్గర తోలు 6 మి.మీ. తక్కువై అడుగుకి అందలేదు. లాస్ట్ లోపలిపక్క గుంటలా లోనికి వెళ్లి అడుగు కిందకి తిరుగుతుంది. బయటిపక్క అలా ఉండదు. పై గీతలు రెండు పక్కలవీ సగటు తీసి ఒకటి చేసుకోవచ్చు. అడుగు అంచు మాత్రం ఏ పక్కది ఆ పక్కకే ఉంచుకోండి.

మడమ_మేకు | సోమవారం, సాయంత్రం 6:30

టేప్ అంటించే ముందు ఇంకో పని ఉంది. ఆ లాస్ట్ ఎంత ఎత్తు మడమ కోసం చేసిందో చూసుకోండి. బల్ల మీద పెట్టి మడమ కింద ఒక్కో అట్టముక్క దూరుస్తూ రండి. వేళ్ల వెనక వెడల్పాటి భాగం బల్లకి పూర్తిగా ఆనాలి, మొన కొంచెం పైకి లేచి ఉండాలి, లాస్ట్ ముందుకీ వెనక్కీ ఊగకూడదు. అప్పుడు ఆ అట్టల ఎత్తు కొలవండి. అదే మీ మడమ ఎత్తు. 25 మి.మీ.కి చేసిన లాస్ట్ కింద 50 మి.మీ. మడమ పెడితే షూ మొన నేలకి గుచ్చుకుంటుంది. దాన్ని సరిచేయడానికి ప్యాటర్న్‌లో ఏమీ ఉండదు, లాస్ట్ మార్చాల్సిందే.

42 అన్నారు కాబట్టి ఇంకో మాట. పారిస్ పాయింట్ అనే యూరప్ సైజుల పద్ధతిలో ఒక్కో సైజు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మి.మీ. 42ని దానితో హెచ్చిస్తే 28 సెం.మీ. వస్తుంది. అది లాస్ట్ పొడవు, పాదం పొడవు కాదు. వేళ్ల ముందు 10 నుంచి 15 మి.మీ. ఖాళీ అందులోనే కలిసి ఉంటుంది, మొన సన్నబడితే ఇంకా ఎక్కువ. బ్రిటిష్ పద్ధతిలో ఒక్కో సైజు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. అందుకే రెండు పట్టికలూ ఎక్కడా సరిగ్గా కలవవు. మొన ఆకారం ఫ్యాషన్‌ని బట్టి మారుతుంది, మడమ మారదు. కాబట్టి గీతల దూరాలు మొన నుంచి కాకుండా మడమ నుంచి కొలవడం అలవాటు చేసుకోండి.

గీతల_లోకం | సోమవారం, రాత్రి 9:10

మీ అందరికీ ఎంత కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇప్పుడే అట్టలు పెట్టి చూశాను. నా లాస్ట్‌కి 22 మి.మీ. మడమ కావాలి. నేను గీసింది 40. ఇన్ని రోజులూ ఆ సంగతే తెలియకుండా పని చేశాను.

ఒక సందేహం అన్నా. నా డిజైన్‌లో మొత్తం 17 ముక్కలున్నాయి. అన్నీ టేప్ మీద గీసేయనా?

కుట్టుమిషన్_అక్క | సోమవారం, రాత్రి 10:25

వద్దు చెల్లీ. 17 ముక్కలంటే ఎన్ని అతుకులో ఆలోచించు. ఒక్కో అతుకులో అర మి.మీ. తప్పినా చివరికి చేరేసరికి ఎంతవుతుంది? ఏ ముక్క వల్ల తప్పు వచ్చిందో కూడా పట్టుకోలేవు. అది పక్కన పెట్టి ముందు ఒక డెర్బీ చెయ్యి, పక్కముక్కలు ముందుముక్క మీదకి వచ్చి లేసులతో కట్టుకునే మామూలు షూ. ముందుముక్క ఒకటి, పక్కముక్కలు రెండు, నాలుక ఒకటి. అంతే.

చదును చేసి అట్ట మీద అంటించినదాన్ని కోసెయ్యకు. అది మూలం. దాన్ని భద్రంగా ఉంచి, దాని నుంచి ఒక్కో ముక్కని ఇంకో అట్ట మీదకి దించుకో. గీతల మూలల్లో సూదితో గుచ్చితే గుర్తులు కింద అట్ట మీద పడతాయి, వాటిని కలుపుతూ గీసుకోవాలి. ఇలా దించేటప్పుడే అంచులకి అదనం కలుపుతాం. కొత్తవాళ్లు మరిచిపోయేది ఇదే. ఒక ముక్క ఇంకోదాని కిందకి వెళ్లే చోట నేను 8 మి.మీ. పెడతాను. అంచు మడిచి అతికించే చోట 5. వెనక రెండు పక్కముక్కలూ కలిపి కుట్టే చోట 1.5 చాలు. అడుగుకి మడిచే చోట మాత్రం ధారాళంగా 18 నుంచి 20 పెట్టుకో. చేయి తిరిగాక 15కి తగ్గించుకోవచ్చు. పటకారుకి పట్టు దొరక్కపోతే తోలు ఎంత మంచిదైనా లాభం లేదు.

మడిచే అంచులూ కిందకి వెళ్లే అంచులూ కుట్టేముందు కత్తితో పలచబరచాలి. 1.3 మి.మీ. తోలుని మడిస్తే 2.6 అవుతుంది కదా, అది పాదానికి ఒత్తుకుంటుంది, పైకి కూడా గట్టులా కనిపిస్తుంది. అంచు దగ్గర సగానికి తెచ్చుకుంటే మడత తోలంత మందంలోనే కూర్చుంటుంది.

లైనింగ్‌కి వేరే ప్యాటర్న్ కావాలి. అది లోపల ఉంటుంది కాబట్టి వెనక మధ్యరేఖ దగ్గర 2, 3 మి.మీ. తగ్గించాలి. పై అంచు దగ్గర మాత్రం 4 మి.మీ. ఎక్కువ పెట్టి, కుట్టాక కత్తిరించెయ్యాలి. తగ్గించకుండా కోస్తే మడమ దగ్గర లైనింగ్ ముడతపడి కాలిని కోస్తుంది.

మొదటిసారే తోలు ముట్టుకోకు. దాదాపు అంతే మందం ఉండి, ఎక్కువ సాగని చవక రెక్సిన్ ఏదైనా తీసుకో.

ఆరె_దారం | మంగళవారం, ఉదయం 7:50

అక్క డెర్బీ అనడం వెనక ఇంకో కారణం ఉంది. లాస్ట్ ముందు మధ్యరేఖని వేలితో తడిమి చూడండి. మొన నుంచి కొంత దూరం దాదాపు తిన్నగా వచ్చి, తర్వాత పాదం మీదకి ఎగబాకుతుంది. ముందుముక్కని రెండు పక్కలూ కలిపి ఒకే ముక్కగా కోయాలంటే అట్టని మధ్యరేఖ దగ్గర మడవాలి. వంపు గీత మీద కాగితాన్ని మడవలేం, మడత ఎప్పుడూ తిన్నగానే వస్తుంది. డెర్బీలో ముందుముక్క పొట్టిది, వంపు మొదలయ్యే చోటికి అయిపోతుంది. తేడా ఒకటి రెండు మి.మీ. మాత్రమే, దాన్ని తోలు భరిస్తుంది. మొత్తం ఒకే ముక్కతో చేసే షూ అయితే ఆ వంపుని తిన్నగా చేయడానికి ప్యాటర్న్‌ని ఒక బిందువు దగ్గర పట్టుకుని తిప్పాలి. అలా తిప్పినప్పుడు ఒకచోట పొడవు పెరుగుతుంది, ఇంకోచోట తరుగుతుంది. ఆ లెక్క చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

లేసుల్లేని పంప్ షూ కూడా ఇప్పుడే వద్దు. దాంట్లో పాదాన్ని పట్టుకునేది పై అంచు ఒక్కటే, రెండు మి.మీ. తప్పితే నడుస్తుంటే మడమ జారిపోతుంది. డెర్బీలో లేసులున్నాయి కాబట్టి కొంత తప్పుని అవి దాచేస్తాయి.

పలకపెన్సిల్ | మంగళవారం, ఉదయం 11:20

సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. నేను త్రీడీలోనే పని చేస్తాను. లాస్ట్‌ని స్కాన్ చేసి, దాని మీద గీసి, ఒక్క క్లిక్‌తో చదును చేయొచ్చు. ఒకసారి మూలం తయారయ్యాక గీత 3 మి.మీ. జరపాలన్నా, సైజులు పెంచాలన్నా చేతిపనిలో రోజు పట్టేది నిమిషాల్లో అవుతుంది. డిజైనర్ అయితే ఇటువైపు రావడమే మంచిదని నా అభిప్రాయం.

లాస్ట్‌ని కూడా ప్రింట్ చేసుకోవచ్చు. కాకపోతే నేను చేసిన రెండు తప్పులు మీరు చేయకండి. త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో పలచటి గోడ పెట్టి ముద్రిస్తే మొదటి మేకుకే పగిలింది. గోడ మందం పెంచి మళ్లీ చేశాను. చీలమండ దాకా వచ్చే బూటు లాస్ట్ చేసి, అప్పర్ (షూ పైభాగం) లాగి, సోల్ అంటించాక లాస్ట్ బయటికి రాలేదు. అసలు లాస్ట్‌కి మధ్యలో కీలు ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది. పొట్టిగా మడవకపోతే మడమ బయటికి రాదు. చివరికి బూటు కోసి తీశాను. ఇంకొకటి, పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తోలు కుదురుకోవడానికి వేడి గాలి పట్టిస్తే తోలుతోపాటు లాస్ట్ కూడా వంగుతుంది.

కుట్టుమిషన్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 12:40

పలకపెన్సిల్ తమ్ముడూ, నువ్వు చెప్పింది కాదనను. మా దగ్గర కూడా సైజులు పెంచేది కంప్యూటర్‌లోనే. కానీ చదును చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తేడాని ఒక లెక్క ప్రకారం అంతటా పంచేస్తుంది. ఆ తోలు ఎటు సాగుతుందో, ఎక్కడ సాగనంటుందో దానికి ఎలా తెలుస్తుంది? టేప్ ఒలిచి చేత్తో చదును చేసినవాళ్లకి తెర మీద ఎక్కడ అనుమానపడాలో తెలుస్తుంది. ఈ అమ్మాయికి ముందు నాలుగైదు చేతితో చేయనివ్వు.

పలకపెన్సిల్ | మంగళవారం, మధ్యాహ్నం 12:58

అది ఒప్పుకుంటాను అక్కా. నేను టేప్ పద్ధతి తర్వాత నేర్చుకున్నాను, ముందే నేర్చుకుని ఉంటే చాలా ప్రింట్లు మిగిలేవి.

గీతల_లోకం | ఆదివారం, సాయంత్రం 5:20

ఐదు రోజులు వేరే పని పెట్టుకోలేదు. చెప్పినట్టే డెర్బీ గీశాను. 40 మి.మీ. మడమ వదిలేసి లాస్ట్ అడిగిన 22కే వచ్చాను. టేప్ మీద గీతలు గీస్తుంటే ఒక విషయం గమనించాను. ట్యాబ్ మీద నాకు నచ్చిన పక్కగీత, లాస్ట్‌ని ముందుకి తిప్పగానే ఎడమకి ఒరిగినట్టు కనిపించింది. నాలుగుసార్లు చెరిపాను. చివరికి వచ్చిన గీత నేను ట్యాబ్ మీద ఎప్పటికీ గీసి ఉండేదాన్ని కాదు, కానీ ఇదే బాగుంది.

రెక్సిన్‌తో కోసి, కుట్టి, లాస్ట్ మీద లాగాను. ఈసారి వేళ్ల మీది గీత అనుకున్న చోటే ఉంది, తేడా 1 మి.మీ. మాత్రమే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పులు మూడు. చీలమండ కింద బయటిపక్క ఏటవాలుగా రెండు ముడతలు పడ్డాయి. పై అంచు లాస్ట్‌కి ఆనకుండా తెరుచుకుని ఉంది, గోరు దూరుతోంది. వెనక కుట్టు పైనుంచి కిందకి వచ్చేసరికి లోపలిపక్కకి 4 మి.మీ. జరిగింది. ప్యాటర్న్ మళ్లీ కోయాలా?

ఆరె_దారం | ఆదివారం, రాత్రి 8:00

చెల్లెమ్మా, ముందు అభినందనలు. ప్యాటర్న్‌ని ముట్టుకోకు. ఈ మూడు తప్పులూ లాగిన వరుసలో వచ్చినవి. ఏ పక్కనుంచి మొదలుపెట్టావు?

గీతల_లోకం | ఆదివారం, రాత్రి 8:12

లోపలిపక్క మొత్తం లాగి మేకులు కొట్టాక, బయటిపక్క లాగాను అన్నా.

ఆరె_దారం | ఆదివారం, రాత్రి 9:05

అదే. ఒక పక్క పూర్తిగా లాగితే అప్పర్ మొత్తం ఆ పక్కకి జరుగుతుంది, రెండో పక్కన ఎంత లాగినా తిరిగి రాదు. అన్ని మేకులూ పీకి, ఇలా చెయ్యి.

లాస్ట్ మడమకి వెనక సరిగ్గా మధ్యలో నిలువు గీత ఉందా? పెన్సిల్‌తో ముదురుగా దిద్దు, కుట్టు దాని మీదే కూర్చోవాలి. ముందు అప్పర్‌ని లాస్ట్ మీదకి తొడిగి, వెనకభాగం ఉండాల్సిన ఎత్తు కన్నా 5, 6 మి.మీ. పైకే ఉంచు. ఇప్పుడు మొన మధ్యలో పటకారుతో పట్టి, ముందుకి లాగి కిందకి తిప్పి ఒక మేకు. దానికి అటొకటి ఇటొకటి, రెండు పక్కలా ఒకే బలంతో. అప్పుడు షూని తిరగేసి, వెనకభాగాన్ని గీత మీదే కిందకి దించి మడమ అడుగున మేకు కొట్టు. వెనకభాగం దిగుతుంటే పై అంచు చుట్టూ దారంలా బిగుసుకోవడం నీ కళ్లకే కనిపిస్తుంది. అంచు తెరుచుకోవడం దాంతో పోతుంది. ఆ తర్వాత వేళ్ల వెనక వెడల్పు దగ్గర లోపల ఒకటి, బయట ఒకటి. ఇలా ఎదురెదురుగా మార్చుకుంటూ నింపుకో.

మేకులు సగం దాకానే దించు. ప్రతి నాలుగు మేకులకీ లాస్ట్‌ని ఎత్తి ముందునుంచి చూడు. ముడత ఏటవాలుగా ఉంటే, ముడత పారిన దిక్కులోనే లాగాలి. అడ్డంగా లాగితే ముడత ఇంకోచోటికి పోతుందే తప్ప చావదు.

బయటిపక్క చీలమండ దగ్గర ఒకసారి ప్యాటర్న్ చూసుకో. కాలికి బయటి ఎముక లోపలిదానికన్నా కిందకి ఉంటుంది. పై అంచు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంటే బయట రాసుకుంటుంది. బయట 4, 5 మి.మీ. తగ్గించడం మంచిది.

మడమ_మేకు | ఆదివారం, రాత్రి 9:40

లాస్టింగ్ రాలేదని దిగులు పడకండి. షూ పనిలో చాలాకాలం ఏ యంత్రానికీ లొంగనిది అదే. కుట్టు మిషన్లు వచ్చాక కూడా పైభాగాన్ని లాస్ట్ మీద లాగడం చేతిపనిగానే మిగిలింది. సురినామ్‌లో పుట్టి అమెరికాలోని లిన్ పట్టణానికి చేరిన యాన్ మాట్జెలిగర్ ఏళ్ల తరబడి శ్రమించి 1883లో లాస్టింగ్ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పనివాడి చేతులు పటకారుతో తోలుని ఎలా పట్టి, లాగి, మడిచి, మేకు కొడతాయో చూసి ఆ కదలికల్నే యంత్రంలో పెట్టాడు. నేర్పున్న మనిషి రోజుకి 50 జతలు లాగితే ఆ యంత్రం 150 నుంచి 700 దాకా లాగేదని చెబుతారు. ఆ చేతి కదలికే మీరు ఇప్పుడు నేర్చుకుంటున్నారు.

రెండో_జత | సోమవారం, ఉదయం 8:15

సోల్ సంగతి కూడా చెప్పండి. నేను అక్కడే ఆగిపోయాను. అచ్చు పోయించడం నా వల్ల కాదు. అతికించిన రెండు సోళ్లూ వారంలో ఊడిపోయాయి.

మడమ_మేకు | సోమవారం, ఉదయం 10:30

నమూనాకి అచ్చు అక్కర్లేదు. కార్క్ షీట్లు గానీ ఈవీఏ (తేలికపాటి నురుగు ప్లాస్టిక్) షీట్లు గానీ పొరలుగా అతికించి, సానపట్టి ఆకారం తెచ్చుకోండి. కింద పలచటి రబ్బరు షీటు. సాల్వతోరె ఫెర్రగామో 1930లలో ఇటలీ మీద ఆంక్షల వల్ల మంచి ఉక్కు దొరక్క, మడమకీ పాదానికీ మధ్య ఖాళీని కార్క్ ముక్కలతో నింపి వెడ్జ్ మడమ చేశాడు. దొరికిన సరుకుతో చేసిందే ఫ్యాషన్ అయి కూర్చుంది. కోసి, అతికించి, సానపట్టడానికి కార్క్ అంత మెత్తటిది ఇంకోటి లేదు.

ఊడిపోవడానికి కారణం జిగురు కాకపోవచ్చు. అడుగుకి మడిచిన తోలు మీద నున్నటి పొర అలాగే ఉంటే ఏ జిగురూ పట్టదు. గరుకు కాగితంతో పీచు తేలేదాకా గీరాలి. గీరే ముందు సోల్‌ని షూకి ఆనించి చుట్టూ పలచగా గీత గీసుకోండి, దాని పైకి గరుకు కాగితం పోనివ్వకండి, ఆ గీరు తర్వాత దాగదు. కాంటాక్ట్ జిగురు రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంత ఆరేదాకా, పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు కలపాలి. తడి మీద కలిపితే లోపల ద్రావకం చిక్కుకుపోయి సరిగ్గా గట్టిపడదు.

కిటికీలు మూసిన గదిలో ఈ పని చేయకండి. కొన్ని జిగుళ్లలో ఉండే ఎన్-హెక్సేన్ అనే ద్రావకం నరాలని దెబ్బతీస్తుంది. 1960లలో జపాన్‌లో చెప్పులు అతికించే పనివాళ్లలో, తర్వాత ఇటలీ షూ పనివాళ్లలో కాళ్లు చేతులు మొద్దుబారి బలం తగ్గిపోవడం డాక్టర్లు గమనించారు. డబ్బా మీద ఏముందో చదవండి, గాలి ఆడేచోట కూర్చోండి, పనయ్యాక మూత పెట్టండి.

రెండో_జత | సోమవారం, ఉదయం 10:52

నేను అసలు గీరలేదు. జిగురు కూడా తడిగా ఉండగానే కలిపాను. ఈ రాత్రికే మళ్లీ చేస్తాను.

గీతల_లోకం | శుక్రవారం, మధ్యాహ్నం 3:30

చెప్పిన వరుసలో మళ్లీ లాగాను. మొదటిసారి మేకుల మధ్య ఖాళీ ఎక్కువై మొన దగ్గర పళ్లలా గట్లు వచ్చాయి. రెండోసారి మేకులు దగ్గర దగ్గరగా కొట్టి, మడతల్ని సన్నగా పంచాను. వెనక కుట్టు గీత మీదే కూర్చుంది. పై అంచు దగ్గర గోరు కాదు కదా, కాగితం కూడా దూరలేదు. బయటిపక్క 4 మి.మీ. తగ్గించాను. రెండు రోజులు లాస్ట్ మీదే ఉంచి తీశాను, ఆకారం నిలిచింది. స్నేహితురాలి అన్నయ్యది 42 సైజు, ఆయనతో తొడిగించి పదడుగులు నడిపించాను. సోల్ లేదు, అట్ట అడుగే. చిటికెనవేలు దగ్గర కొంచెం ఒత్తుతోందన్నాడు, మడమ మాత్రం కదల్లేదు.

ఇక తోలు కోయొచ్చా? ఒకే చర్మం ఉంది నా దగ్గర. తప్పు కోస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

కుట్టుమిషన్_అక్క | శుక్రవారం, సాయంత్రం 4:45

కోయొచ్చు చెల్లీ. ముందు చర్మాన్ని బల్ల మీద పరిచి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడు. గీతలు, దోమకాట్లు, పలచటి చోట్లు కనిపిస్తాయి, వాటి చుట్టూ సుద్దతో గుండ్రాలు చుట్టు. తర్వాత రెండు చేతులతో పట్టి అటూ ఇటూ లాగి చూడు. వెన్నెముక వెంట తక్కువ సాగుతుంది, అడ్డంగా ఎక్కువ సాగుతుంది. పొట్ట దగ్గర అన్ని వైపులా వదులు. ముందుముక్కకి తక్కువ సాగే దిక్కు మొన నుంచి మడమ వైపు ఉండాలి. లేకపోతే లాగేటప్పుడు వేళ్ల మీది గీత మళ్లీ ముందుకి జారుతుంది, నీ 14 మి.మీ. తిరిగొస్తుంది. చర్మం వెనకభాగంలో బిగువుగా ఉన్న తోలుని ముందుముక్కలకి వాడు. పొట్ట భాగం నాలుకకి సరిపోతుంది.

రెండు కాళ్ల ముందుముక్కలూ వెన్నుకి అటొకటి ఇటొకటి, ఒకే చోట నుంచి తియ్యి. ఒకటి మెడ దగ్గర, ఒకటి నడుం దగ్గర తీస్తే జత ఒకలా సాగదు. అన్ని అట్టలూ చర్మం మీద పరిచి, అన్నీ పట్టాయని చూసుకున్నాకే కత్తి తియ్యి.

ఆరె_దారం | శుక్రవారం, రాత్రి 7:20

చిటికెనవేలు ఒత్తుడుని తోలుకి వదిలెయ్యకు. రెక్సిన్ సాగదు, తోలు సాగుతుంది, కాబట్టి సర్దుకుంటుందనిపిస్తుంది. అది లాస్ట్ వెడల్పు తక్కువైన గుర్తు. ఆ చోట లాస్ట్ మీద 1.5 మి.మీ. తోలు ముక్క అతికించి, అంచులు పలచగా సానపట్టి, బయటిపక్క ముందుభాగం వరకు టేప్ మళ్లీ వేసి చూడు. ఒక్క పూట పని. పాత అట్టకీ కొత్త అట్టకీ ఎంత తేడా వచ్చిందో కొలిచి ఇక్కడ రాయి. ప్రతి అట్ట మీద సైజు, కుడో ఎడమో, తేదీ రాసుకో. పాతవి పారెయ్యకు.

గీతల_లోకం | శనివారం, మధ్యాహ్నం 12:10

తేడా అడుగు అంచు దగ్గర 2 మి.మీ., పై గీత దగ్గర సున్నా. అట్ట మార్చాను, తేదీ వేశాను. చర్మం మీద సుద్ద గుండ్రాలు గీసి అట్టలు పరిచాను, అన్నీ పట్టాయి. ముందుముక్క కోస్తున్నాను.